మద్యపు లైసెన్సు – పోయువాని బాధ్యత

బిలాసుపూరు రైల్వే స్టేషనులో రాత్రి, పగలు అను భేదము లేదు. హౌరా నుండి నాగపూరు మీదుగా ముంబయి పోవు ప్రధాన మార్గమును, కట్నీకి చీలిపోవు మార్గమును ఇచ్చట కలియుచున్నవి. కోర్బా గనుల బొగ్గు ఈ ప్రాంతపు పట్టాల మీదుగానే దూరదూరములకు పోవుచున్నది. 1887లో ఏర్పడిన బెంగాలు నాగపూరు రైల్వే ఈ ఊరిని రైల్వే పట్టణముగా మార్చెను. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది. ఉద్యోగార్థమై ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చిన తెలుగు కుటుంబములు ఇక్కడి రైల్వే కాలనీలలో తరతరములుగా నివసించుచున్నవి. 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియైన పిదప ఈ రాకపోకలు మరింత సులభమైనవి.

ఇట్టి ఊరిలో పనివేళలకు సూర్యోదయ సూర్యాస్తమయములతో సంబంధము లేదు. ఒకడు డ్యూటీ దిగి అలసి ఇంటికి పోవుచుండగా, మరియొకడు పెట్టె చేత పట్టుకొని డ్యూటీకి పోవుచుండును. పని ముగిసినవాడును, మరునాడు తెల్లవారుజామున పని కెక్కవలసినవాడును ఒకే బారులో, ఒకే బల్ల వద్ద కూర్చుండుట వింత కాదు. వారి ఎదుట నిలిచి గ్లాసు నింపు పరిచారకునకు ఆ ఇరువురిలో ఎవడు నిద్రకు పోవునో, ఎవడు వేల టన్నుల గూడ్సు బండిని నడుపబోవునో తెలియదు. అయినను ఆ గ్లాసు నింపవచ్చునా, కూడదా అని నిర్ణయించు చివరి మనిషి అతడే.

మద్యపు చట్టములు శాసనసభలలో పుట్టును. ఆబ్కారీ కార్యాలయములలో లైసెన్సులుగా రూపొందును. కాని అవి అమలు జరుగు చోటు మాత్రము బారులోని బల్ల. అందుచేత ఈ చిన్న పుస్తకము బారులలో పనిచేయువారికి మాత్రమే గాక, వారి యజమానులకును, త్రాగువారికిని, త్రాగని వారి కుటుంబములకును ఉద్దేశింపబడినది. మద్యము ఆరోగ్యమునకు మేలు చేయునది కాదు. త్రాగకుండుటయే అన్నిటికంటె క్షేమము. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యమునకు హాని లేని మద్య పరిమాణ మనునది లేదని స్పష్టముగా ప్రకటించెను. క్యాన్సరును గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంస్థ 1988లోనే మద్యపానీయములను మానవులలో క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గములో చేర్చెను. అయినను చట్టము అమ్మకమును అనుమతించిన చోట, ఆ అమ్మకము వలన కలుగు కీడును తగ్గించు మార్గములు గలవు. వాటిని తెలిసికొందము.

గ్లాసులో నున్నది ఎంత?

పోయువాడు మొదట నేర్వవలసినది కొలత. సీసాపై రంగురంగుల కాగితములు, పేర్లు వేరువేరుగా నుండవచ్చును. శరీరమునకు మాత్రము అన్నింటను ఒక్కటే పదార్థము, ఆల్కహాలు. మన దేశములో అమ్మబడు విస్కీ, బ్రాందీ, రమ్ము మొదలగు వాటిలో సాధారణముగా నూటికి 42.8 పాళ్ళు ఆల్కహాలుండును. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములును, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో 20 గ్రాములును ఉండును. బిలాసుపూరులో పవ్వా అని పిలువబడు 180 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాములు, అనగా ఆరు చిన్న పెగ్గుల ఆల్కహాలు గలదు.

బీరు విషయములోనే చాలమంది మోసపోవుదురు. "నేను త్రాగినది బీరే గదా" అని అనుటయందు, అది నీళ్ళవంటిదను భావము దాగియున్నది. 650 మిల్లీలీటర్ల సీసాలో, నూటికి 5 పాళ్ళ ఆల్కహాలు గల బీరైనచో, సుమారు 26 గ్రాములుండును. నూటికి 8 పాళ్ళుండు స్ట్రాంగు బీరైనచో సుమారు 41 గ్రాములుండును. అనగా ఒక్క స్ట్రాంగు బీరు నాలుగు చిన్న పెగ్గులతో సమానము. ఈ ఒక్క మాట ప్రతి పరిచారకుడును, ప్రతి త్రాగుబోతు మిత్రుడును కంఠస్థము చేయదగినది. కల్లు, ఇప్పపూవు సారా వంటి వాటికి నిలుకడయైన కొలత లేదు. కాచినవాని నేర్పును, పులిసిన కాలమును బట్టి వాటి బలము మారుచుండును. కావున వాటిని గ్లాసుల లెక్కన అంచనా వేయుట సాధ్యము కాదు.

శరీరములో జరుగునది

నోటిలోనికి పోయిన మద్యములో కొంత కడుపునుండియు, అధిక భాగము చిన్నప్రేవుల నుండియు రక్తములో చేరును. కడుపు ఖాళీగా నున్నచో ఇది త్వరగా జరుగును; అన్నము తిని యున్నచో ఆలస్యముగా జరుగును. త్రాగిన అరగంట మొదలు గంటన్నర వరకు రక్తములో దాని పాలు పెరుగుచునే యుండును. అందుచేత చివరి గ్లాసు ప్రభావము చివరి గ్లాసు నాడు, అనగా త్రాగిన ఆ క్షణమున, కనబడదు. కుర్చీలో తిన్నగా కూర్చున్నవాడు మెట్లు దిగునప్పటికి తూలుట కిదియే కారణము.

రక్తములో చేరిన ఆల్కహాలును హరించు పని కాలేయమునది. అది గంటకు సుమారు 7 మొదలు 10 గ్రాముల వరకు మాత్రమే హరింపగలదు. దానిని తొందరపెట్టు ఉపాయము లేదు. కాఫీ త్రాగినను, నిమ్మరసము పిండినను, చన్నీటి స్నానము చేసినను, వాంతి చేసికొన్నను, రక్తములో నప్పటికే చేరిన ఆల్కహాలు తగ్గదు. కాఫీ నిద్రను కొంత పోగొట్టవచ్చును; అప్పుడు మిగులునది మేలుకొని యున్న మత్తుడే. మత్తునకు మందు కాలము తప్ప మరియొకటి లేదు.

మొదట దెబ్బతినునది విచక్షణ. కాళ్ళు తూలుటకు ముందే, మాట తడబడుటకు ముందే, తాను బాగుగానే యున్నానను తప్పు నమ్మకము కలుగును. అందుచేత "నాకేమియు కాలేదు" అను మాటను సాక్ష్యముగా స్వీకరింపరాదు. ఒకే బరువు గల స్త్రీ పురుషులు ఒకే పరిమాణము త్రాగినను స్త్రీ రక్తములో ఆల్కహాలు పాలు హెచ్చుగా నుండును. స్త్రీల శరీరములో నీటిభాగము తక్కువ యగుట ఇందుకు ఒక కారణము. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు, కొన్ని రకముల దగ్గు మందులు వాడువారికి తక్కువ మద్యమైనను ప్రమాదకరము కావచ్చును. గర్భిణులు మద్యము బొత్తిగా ముట్టరాదు. అది గర్భస్థ శిశువు మెదడును పాడుచేయును.

ఎనిమిది గంటల లెక్క

రైళ్ళ నడకతో నేరుగా సంబంధము గల ఉద్యోగి డ్యూటీకి ముందు ఎనిమిది గంటల లోపల మత్తు పానీయము తీసికొనరాదని రైల్వే సాధారణ నియమములు శాసించుచున్నవి. లోకో పైలటు డ్యూటీ ఎక్కునప్పుడు శ్వాస పరీక్ష కూడ చేయుదురు. 1989 నాటి రైల్వే చట్టములోని 172వ సెక్షను ప్రకారము, డ్యూటీలో మత్తుగా నుండి ఇతరుల ప్రాణములకు అపాయము తెచ్చు ఉద్యోగికి ఒక సంవత్సరము వరకు ఖైదు పడవచ్చును.

ఇప్పుడు ఒక ఉదాహరణము తీసికొందము. ఒక ఉద్యోగి ఉదయము 6 గంటలకు డ్యూటీ ఎక్కవలెను. అతడు రాత్రి 9 గంటలకు కూర్చుండి, 10 గంటలకు ముందే రెండు స్ట్రాంగు బీరులు ముగించి లేచెను. ఎనిమిది గంటల నియమము అతడు తప్పలేదు. కాని అతడు త్రాగినది 82 గ్రాముల ఆల్కహాలు. కాలేయము చురుకుగా పనిచేసి గంటకు 10 గ్రాములు హరించినచో తెల్లవారు 5 గంటల దాటిన పిదప అతని రక్తము శుభ్రపడును. గంటకు 7 గ్రాములే హరించినచో ఉదయము 9 గంటలకు గాని శుభ్రపడదు. ఆ రెండవవాడు 6 గంటలకు, నియమమును పాటించితినను ధైర్యముతోనే, మత్తు మిగిలియుండగా ఇంజను మెట్లెక్కును. శ్వాస పరీక్షలో పట్టుబడినచో ఉద్యోగమునకు ముప్పు. పట్టుబడనిచో సిగ్నలు చూచు కంటికి ముప్పు.

దీనినిబట్టి తెలియునది ఏమనగా, "ఎప్పుడు మానితివి?" అను ప్రశ్న ఒక్కటే చాలదు, "ఎంత త్రాగితివి?" అను ప్రశ్న కూడ కావలెను. గంటలను ఉద్యోగి లెక్కపెట్టుకొనవలెను. గ్లాసులను అతనితోపాటు పోయువాడు కూడ లెక్కపెట్టవలెను. డ్యూటీ దగ్గరపడిన రాత్రి మద్యము ముట్టకుండుటయే సరియైన నియమము. పాయింట్సుమను, స్టేషను మాస్టరు, పూర్వము గార్డు అనబడి నేడు ట్రైను మేనేజరు అనబడు ఉద్యోగి, బస్సు డ్రైవరు, క్రేను నడుపువాడు, రాత్రి డ్యూటీ నర్సు — అందరికిని ఈ లెక్కయే వర్తించును.

లైసెన్సు ఎందుకు?

బియ్యము, ఉప్పు అమ్ముటకు హక్కు ఉన్నట్లు మద్యము అమ్ముటకు ఎవరికిని సహజమైన హక్కు లేదు. మన రాజ్యాంగములోని 47వ అధికరణము, ప్రజారోగ్యమును పెంపొందించుట రాజ్యము యొక్క ప్రథమ కర్తవ్యములలో నొకటియని చెప్పుచు, వైద్య ప్రయోజనములకు తప్ప మత్తు పానీయముల వాడుకను నిషేధించుటకు ప్రయత్నింపవలెనని ఆదేశించుచున్నది. ఏడవ షెడ్యూలులో మత్తు పానీయముల విషయము రాష్ట్రముల జాబితాలో చేర్చబడినది. అందుచేతనే రాష్ట్ర రాష్ట్రమునకు చట్టము మారుచున్నది. గుజరాతులో ఆ రాష్ట్ర మేర్పడిన 1960 నుండియు, బీహారులో 2016 నుండియు మద్యనిషేధము అమలులో నున్నది.

బిలాసుపూరునకు వర్తించు ఆబ్కారీ చట్టము 1915 నాటిది. నాడిది సెంట్రలు ప్రావిన్సెస్ లోని ఒక జిల్లా. 1950లో మధ్యప్రదేశ్ లోనిదై, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ లోనిదైనది. పేరు మారినను, కాలానుగుణముగా సవరణలు జరిగినను, ఆ పాత చట్టమే నేటికిని మూలము. 2017 ఏప్రిలు నుండి ఈ రాష్ట్రములో చిల్లర మద్యపు దుకాణములను ప్రభుత్వ సంస్థయే నడుపు పద్ధతి వచ్చినది. రెస్టారెంటు బారులకు, హోటలు బారులకు, క్లబ్బులకు మాత్రము వేర్వేరు లైసెన్సులు గలవు.

లైసెన్సు అనునది షరతులతో కూడిన అనుమతి. ఏ స్థలములో, ఏ వేళలలో, ఏ రకము మద్యమును, ఎవరికి అమ్మవచ్చునో అందు నిర్ణయింపబడును. షరతు తప్పినచో దానిని తాత్కాలికముగా నిలిపివేయుటకు గాని, రద్దు చేయుటకు గాని ప్రభుత్వమునకు అధికారము గలదు. ఈ లైసెన్సు వెనుక సమాజపు బాధ యెంత గలదో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు 1990వ దశకపు ఆరంభములో సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము ఆంధ్రప్రదేశ్ అంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. సంపూర్ణ నిషేధము 1997లో సడలింపబడినను, ఆ తల్లులు అడిగిన ప్రశ్న సడలిపోలేదు: కూలి డబ్బు దుకాణములో మిగిలిపోయిన రాత్రి ఇంటిలో పొయ్యి ఎట్లు వెలుగును?

ఛత్తీస్‌గఢ్ నేలకును ఇట్టి వారసత్వము గలదు. 1756లో జన్మించిన గురు ఘాసీదాసు సత్నాము మార్గమును బోధించుచు, మద్యమును విడువవలెనని తన అనుచరులకు ఉపదేశించెను. బిలాసుపూరులోని కేంద్రీయ విశ్వవిద్యాలయము ఆయన పేరనే వెలసినది.

చట్టములోని ముఖ్యాంశములు

బారులో పనిచేయువారు ముఖ్యముగా తెలిసికొనవలసిన విషయములివి.

వయస్సు: ఛత్తీస్‌గఢ్ లోను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోను 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. గోవాలో ఈ హద్దు 18 ఏండ్లు. కావున పొరుగు రాష్ట్రపు అలవాటు ఇచ్చట చెల్లదు. 18 ఏండ్లు నిండని బాలబాలికలకు మద్యమిచ్చుట మరింత ఘోరమైన నేరము. 2015 నాటి బాలల న్యాయచట్టములోని 77వ సెక్షను ప్రకారము దీనికి ఏడేండ్ల వరకు కఠిన ఖైదును, లక్ష రూపాయల వరకు జరిమానాయు గలవు. ఇచ్చినవాడు యజమానియా, పరిచారకుడా అను భేదము ఈ సెక్షను పాటింపదు.

మద్యము అమ్మని దినములు: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో అమ్మకము లేదు. రాష్ట్రప్రభుత్వము ప్రకటించు ఇతర దినములు ఏటేట మారవచ్చును గనుక, ఆ పట్టికను గోడపై నంటించుట మేలు. ఎన్నికలు జరుగు ప్రాంతములో, పోలింగు ముగియు గంటకు ముందు 48 గంటల కాలము ఎట్టి మద్యపు అమ్మకమును కూడదు.

వాహనము: మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలుండగా వాహనము నడుపుట నేరము. 2019 సవరణ పిదప మొదటి తప్పునకు ఆరు నెలల వరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. 60 కిలోల బరువు గల మనిషి ఖాళీ కడుపుతో ఒక్క పెద్ద పెగ్గు త్రాగినను ఈ హద్దును దాటవచ్చును. "ఒక్కటే గదా" అను మాటకు చట్టములో స్థానము లేదు.

రహదారి: జాతీయ, రాష్ట్ర రహదారుల అంచునుండి 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదని సుప్రీం కోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పెను. జనసంఖ్య 20,000 లేక అంతకు తక్కువగా నున్న చోట్ల ఈ దూరమును 220 మీటర్లకు తగ్గించుచు 2017 మార్చిలో సవరించెను. పురపాలక పరిధిలోని లైసెన్సులకు ఈ నిషేధము వర్తింపదని 2017 జూలైలో స్పష్టపరచెను.

రైల్వే ఆవరణ: రైలు పెట్టెలో గాని, రైల్వే స్థలములో గాని మత్తుగా నున్నవానిని ఉద్యోగులు బయటికి పంపవచ్చును. అతని టిక్కెట్టు చెల్లకపోవుటే గాక, 145వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు ఖైదు పడవచ్చును. కావున బండి పట్టుకొనవలసిన ప్రయాణికునకు గ్లాసు మీద గ్లాసు పోయువాడు అతనికి చేయునది ఉపచారము కాదు.

పోయువాడు చేయవలసినవి

మొదటిది, వయస్సు చూచుట. మీసము చూచి వయస్సు నిర్ణయింపరాదు. సందేహము కలిగినచో ఆధారు కార్డు గాని, డ్రైవింగు లైసెన్సు గాని, వోటరు కార్డు గాని చూపుమని అందరిని ఒకే విధముగా అడుగవలెను. చూపనిచో పోయరాదు. పెద్దవాడు కొని పక్కనున్న పిల్లవానికి ఇచ్చుచున్నచో అదియు అమ్మినట్లే.

రెండవది, కొలత. పెగ్గును కొలపాత్రతోనే పోయవలెను. చేతివాటముగా పోసినది 30 మిల్లీలీటర్లా, 50 మిల్లీలీటర్లా తెలియదు. అట్టిచో ఎవరెంత త్రాగిరో లెక్క కుదరదు. బల్ల బల్లకు పోసిన గ్లాసుల లెక్క బిల్లు పుస్తకములో ఎట్లును ఉండును. ఆ లెక్కను డబ్బు కొరకే గాక మనిషి కొరకు కూడ చూచుట అలవాటు చేసికొనవలెను.

మూడవది, వేగము. గ్లాసు ఖాళీ యగుటకు ముందే మరల నింపరాదు. అడుగకయే మంచినీళ్ళు బల్లపై పెట్టవలెను. మద్యముతో పాటు అన్నము, రొట్టె, పప్పు వంటి ఆహారము దొరకునట్లు చూడవలెను. ఉప్పు కారము మెండుగా వేసిన చిరుతిండ్లు దాహమును పెంచి మరికొంత త్రాగించును. అవి భోజనము కావు.

నాల్గవది, గుర్తులు. గొంతు పెరుగుట, చెప్పినదే మరల చెప్పుట, డబ్బు లెక్కలో తడబాటు, గ్లాసును బల్ల అంచున పెట్టుట, కన్నులు వాలుట, ఊరకయే కయ్యమునకు దిగుట — వీటిలో రెండు మూడు కనబడినప్పుడు ఇక పోయరాదు. కొందరికి కంఠస్వరము పెరుగదు, మౌనము పెరుగును. అట్టివారిని మరింత జాగ్రత్తగా గమనింపవలెను. మత్తెక్కియున్నవానికి మరల పోయరాదనునది ఆబ్కారీ లైసెన్సు షరతులలో తరచుగా కనబడు నియమము. తమ లైసెన్సు షరతులను పరిచారకులందరును ఒకసారి చదువుట గాని, చదివించుకొని వినుట గాని అవసరము.

ఆస్ట్రేలియా వంటి దేశములలో మద్యము వడ్డించువారు ఈ విషయములలో శిక్షణ పొంది ధ్రువపత్రము తీసికొనవలెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో 2022 నుండి ఇట్టి శిక్షణ తప్పనిసరి యైనది. వడ్డించుట చేతిపని మాత్రమే కాదు, తెలివితో కూడిన వృత్తియని ఆ దేశములు గుర్తించినవి.

"చాలు" అని చెప్పు విధము

త్రాగుచున్నవానికి "లేదు" అని చెప్పుట సులభము కాదు. జీతము తక్కువ, బల్లపై విడిచిపోవు టిప్పు మీద ఆశ, పలుకుబడి గలవాడను భయము — ఇవన్నియు పరిచారకుని నోరు మూయును. అయినను ఈ పనికి కొన్ని మెలకువలు గలవు. నలుగురిలో గట్టిగా చెప్పరాదు; ప్రక్కకు వంగి తగ్గు స్వరముతో చెప్పవలెను. "నీవు త్రాగియున్నావు" అని తప్పు పట్టరాదు. "ఇంతకు మించి పోయుటకు మాకు అనుమతి లేదు" అని నియమమును ముందుంచవలెను. వాదమునకు దిగరాదు, చెప్పినదే మర్యాదగా మరల చెప్పవలెను. అతనితో వచ్చిన మిత్రులలో తక్కువ త్రాగినవానిని సాయము కోరవలెను. ఒంటరిగా చెప్పుటకు వెనుదీసినచో మేనేజరును వెంటబెట్టుకొనవలెను.

తెలుగువాడైన గిరాకీ ఎదుట ఉన్నప్పుడు ఈ మాట చాలును: "అన్నగారూ, ఈ పూటకి చాలండి. వేడిగా అన్నం తెప్పిస్తాను, తినండి. బండి తాళం గల్లాపెట్టె దగ్గర ఉంటుంది, రేపు పొద్దున్న తీసుకుందురు గాని." ఇందులో తిరస్కారము కంటె ఆదరము ఎక్కువగా వినబడును. ఆటో పిలిచి, ఇంటి చిరునామా చెప్పి ఎక్కించువరకు ఈ బాధ్యత తీరదు. తలుపు దాటిన పిదప మన పని కాదను మాట సరికాదు. ప్రమాదములు జరుగునది తలుపు దాటిన పిదపనే.

ప్రాణాపాయ చిహ్నములు

నిద్రపోవుచున్నాడని తలచి విడిచిపెట్టిన మనిషి మరణించుట గలదు. పిలిచినను, గిల్లినను మేల్కొనకుండుట, ఊపిరి నిమిషమునకు ఎనిమిదిసార్ల కంటె తక్కువగా నుండుట గాని నడుమ నడుమ ఆగుట గాని, శరీరము చల్లబడుట, పెదవులు నీలి రంగునకు తిరుగుట, మూర్ఛ — ఇవి మద్యము విషముగా మారిన గుర్తులు. వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టరాదు. ప్రక్కకు ఒత్తిగిలునట్లు పరుండబెట్టినచో వాంతి ఊపిరితిత్తులలోనికి పోదు. వాంతి చేయించుటకు ప్రయత్నింపరాదు. నోటిలో నీళ్ళు, మజ్జిగ పోయరాదు. సహాయము వచ్చువరకు ఒకరు ప్రక్కనే యుండవలెను.

లైసెన్సు లేని చోట దొరకు చౌక సారాలో మిథైలు ఆల్కహాలు కలిసియుండు ప్రమాదము గలదు. రుచిలోను, వాసనలోను దానిని గుర్తించుట అసాధ్యము. అది శరీరములో ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటి నరమును, పిదప ప్రాణమును హరించును. త్రాగిన పండ్రెండు గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు దినము గడచిన తరువాత, కడుపునొప్పి, వాంతులు, ఆయాసము, చూపు మసకబారుట కనబడును. ఆలస్యముగా వచ్చుటచేత దానిని తలనొప్పిగా, అజీర్ణముగా భ్రమింతురు. 2024 జూనులో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో ఇట్టి సారా వలన 60 మందికి పైగా మరణించిరి. చూపు మసకబారిన క్షణమే ఆసుపత్రికి పోవలెను. దీనికి విరుగుడు మందు గలదు, కాని అది సకాలములో పడవలెను. ఒకడు పడిపోయినచో అదే సీసాలోనిది త్రాగిన మిగిలినవారిని కూడ, బాగుగా నున్నను, వైద్యునకు చూపవలెను. కేసు పడునను భయముతో దాచుట ప్రాణములు తీయును.

యజమాని బాధ్యత

పరిచారకుడు ఎంత మంచివాడైనను, రాత్రికి ఇన్ని సీసాలు అమ్మవలెనని యజమాని నిర్బంధించినచో ఈ నియమములన్నియు కాగితములే. పోయుటకు నిరాకరించిన పరిచారకుని పక్షమున యజమాని నిలువవలెను. ఆ బిల్లు పోయినదని అతని జీతము కోయరాదు. చట్టములోని షరతులను, వయస్సు హద్దును హిందీలోను, అవసరమైన చోట తెలుగులోను వ్రాసి గోడపై కట్టవలెను. సీసాలపై 2019 నుండి తప్పనిసరియైన "మద్యపానము ఆరోగ్యమునకు హానికరము" అను హెచ్చరిక చదువని వారికి కూడ అర్థమగునట్లు చెప్పవలెను. బారులో పనిచేయువారే రాత్రి చివర మిగిలిన మద్యమును త్రాగు అలవాటునకు లోనగుట గలదు. పని చేయునంతసేపు వారు త్రాగరాదను నియమము వారి క్షేమమునకే.

ఇంటివారికి ఒక మాట

చాలకాలముగా ప్రతిదినము అధికముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో కొన్ని గంటలలో చేతులు వణకుట, చెమటలు, నిద్రలేమి మొదలగును. కొందరికి మూర్ఛ వచ్చును. రెండు మొదలు నాలుగు దినములలో మతిభ్రమ, భ్రాంతులు కలిగి ప్రాణాపాయము కావచ్చును. కావున అతనిని గదిలో పెట్టి తాళము వేయుట వైద్యము కాదు. వైద్యుని పర్యవేక్షణలో, తగిన మందులతో, బి విటమిను ఇచ్చుచు మాన్పింపవలెను. మద్యవ్యసనము ఒక జబ్బు; దానికి చికిత్స గలదు. జాతీయ వ్యసన విముక్తి సహాయ సంఖ్య 14446. మనోవేదనలో నున్నవారికి టెలీ మానస్ సంఖ్య 14416. రెండింటికిని రుసుము లేదు. రైల్వే ఉద్యోగులు రైల్వే ఆసుపత్రిలోని వైద్యుని ముందుగానే కలిసికొనుట, శ్వాస పరీక్షలో పట్టుబడువరకు ఆగుట కంటె ఎంతయో మేలు.

బిలాసుపూరు యార్డులో ఒక సిగ్నలు ఎరుపు చూపినచో ఎంత పెద్ద బండియైనను ఆగును. ఆ దీపమును చూచి ఎవరును కోపగించుకొనరు. అది తమ మేలుకొరకేయని అందరికిని తెలియును. బారులో గ్లాసు బోర్లించి "ఈ పూటకి చాలండి" అను పరిచారకుని మాటను కూడ అట్లే స్వీకరించుట త్రాగువారికిని, అట్లు చెప్పగల ధైర్యమును అతనికి కలిగించుట యజమానులకును, సమాజమునకును విధి. ఆ రాత్రి పోయకుండ నిలిచిపోయిన ఒక్క గ్లాసు వలన ఎవరి తండ్రి ఇల్లు చేరెనో, ఏ బండి క్షేమముగా స్టేషను చేరెనో ఎవరికిని తెలియదు. తెలియకపోయినను ఆ మేలు మేలే.